భారం నాది, పోస్టు ఖాళీ

బెంగాలీలో ఇన్‌ఛార్జిని ‘భారప్రాప్త’ అంటారు. ఇన్‌ఛార్జి హెడ్మిస్ట్రెస్ అయితే ‘భారప్రాప్త ప్రధాన శిక్షిక’. ఆ మాటలో బెంగాలీలకు వింతేమీ కనిపించదు. తెలుగు చెవికి మాత్రం నెత్తిన మూట పెట్టినట్టే వినిపిస్తుంది. మా స్కూలు రబ్బరు స్టాంపు మీద, నా సంతకం కింద, ఏడేళ్లకు పైగా ఆ మాట పడుతూనే ఉంది. నాకు అరవై నిండటానికి ఇంకా పదకొండు నెలలుంది. ఈలోగా స్టాంపులో ఆ మాట తీసేస్తారా అన్నది నా ప్రశ్న కాదు. తీసెయ్యరని నాకు తెలుసు. ఇన్నాళ్లూ ఆ మాట మోసినందుకు నాకు రావలసిందేమైనా ఉందా, ఉంటే రిటైరయ్యే లోపే అడగాలా, అయ్యాక అడగాలా అన్నదే ప్రశ్న.

మాది వాట్‌గంజ్. కలకత్తాలో ఖిదిర్‌పూర్‌ను ఆనుకుని, రేవు పక్కన ఉన్న పేట. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ ఓడల నిర్మాణం మొదలుపెట్టిన కల్నల్ హెన్రీ వాట్సన్ పేరు అరిగి అరిగి వాట్‌గంజ్ అయింది. ఖిదిర్‌పూర్ డాక్ 1892లో వచ్చింది. హుగ్లీ ఒడ్డున జూట్ మిల్లుల్లో పని కోసం గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి జనం తరతరాలుగా వచ్చారు. మా నాన్న మిల్లుకు కాకుండా రేవుకు వచ్చాడు, కూలీగా. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ, ఉర్దూ, బడిలో బెంగాలీ. ఎస్‌ప్లనేడ్ నుంచి మైదాన్ మీదుగా ఖిదిర్‌పూర్ వచ్చే ట్రాము ఎక్కే కాలేజీకి వెళ్లాను. ఆ ట్రాము 2020లో ఆంఫన్ తుఫానుతో ఆగిపోయింది.

నేను పనిచేసేది ప్రభుత్వ సాయంతో నడిచే ఆడపిల్లల హైస్కూల్లో. పేరు చెప్పను. చెప్పినా కొత్తగా తెలిసేది ఏమీ లేదు, ఈ రాష్ట్రంలో ఇలాంటి స్కూళ్లు చాలా ఉన్నాయి. నేను జీవశాస్త్రం టీచర్ని. 2018 జూన్‌లో మా హెడ్మిస్ట్రెస్ రిటైరయ్యారు. ఆ రోజు సాయంత్రం తాళాల గుత్తి, చెక్కు పుస్తకం, సీలు, స్టాకు రిజిస్టర్లు ఆఫీసు బల్ల మీద వరసగా పెట్టి నాతో సంతకాలు చేయించుకున్నారు. వారం తర్వాత కాగితం వచ్చింది, మూడు వాక్యాలు. రెగ్యులర్ హెడ్మిస్ట్రెస్ వచ్చే వరకు స్కూలు బాధ్యతలన్నీ నేను చూసుకోవాలి. నా పాఠాలు నేను చెప్పుకోవాలి. ఇందుకు అదనంగా ఎలాంటి ఆర్థిక ప్రయోజనమూ కోరకూడదు. సీనియారిటీలో నేనే ముందున్నాను కాబట్టి నాకిచ్చారు. అంతే తప్ప అర్హత గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఆ మర్నాటి నుంచే పిల్లలు నన్ను ‘బొడొదీ’ అనడం మొదలుపెట్టారు. బెంగాల్ ఆడపిల్లల బడుల్లో హెడ్మిస్ట్రెస్‌ను అలాగే పిలుస్తారు. పెద్దక్క అని. పిల్లలకు ఇన్‌ఛార్జి, రెగ్యులర్ అన్న తేడా ఉండదు కదా!

తేడా పనిలోనూ ఉండదు. మాధ్యమిక్ పరీక్షకు పిల్లల పేర్లు నమోదు చేయించాలి, ఒక్క అక్షరం తప్పు పడితే ఆ పిల్ల అడ్మిట్ కార్డు పట్టుకుని బోర్డు ఆఫీసు చుట్టూ తిరగాలి. కన్యాశ్రీ ఫారాల మీద సంతకం పెట్టాలి. పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి కాలేదని, చదువుతోందని నేను రాసిస్తేనే ఆ పిల్లకు 25 వేల రూపాయలు వస్తాయి. సబూజ్ సాథీ సైకిళ్ల లెక్క, మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క, గ్రాంటు ఖర్చుకు యూసీ అనే వినియోగ పత్రం అన్నీ నావే. 2020 మార్చిలో స్కూళ్లు మూసేసినప్పుడు పాఠాలు ఆగాయి కానీ హెడ్మిస్ట్రెస్ పని ఆగలేదు. నెలనెలా తల్లిదండ్రులను వరసలో నిలబెట్టి బియ్యం, బంగాళాదుంపలు పంచాం. రేవు కూలీలు, దర్జీలు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు. ఆ రెండు సంచుల కోసం రెండు గంటలు నిలబడేవాళ్లు. బంగాళాదుంపలు ఒక కిలో తక్కువ తూగితే బాధ్యత ఎవరిది? కాగితం మీద ఎవరి సంతకముంటే వాళ్లదే. అక్కడ ‘భారప్రాప్త’ అని ఉంది కదా, పోనీలే అని ఏ ఆడిటరూ వదిలిపెట్టడు.

నేను ఉత్తరం రాశాను. 2019లో ఒకటి, 2021లో ఒకటి, 2023లో ఇంకొకటి. రెగ్యులర్ పోస్టు నాకిమ్మని కాదు. చేస్తున్న పనికి జీతంలో తేడా ఇవ్వమని. జవాబు రాలేదు. మూడు ఉత్తరాలకూ రిజిస్టర్డ్ పోస్టు రసీదులున్నాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు ఎయిడెడ్ స్కూలు హెడ్మాస్టర్‌ను మేనేజింగ్ కమిటీయే వేసుకునేది. అందులో బంధుప్రీతి ఉండేది, డబ్బు కూడా ఉండేది. 1997లో స్కూల్ సర్వీస్ కమిషన్ చట్టం తెచ్చి ఆ అధికారాన్ని కమిషన్ చేతికి ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ కమిషన్ పరీక్ష పెట్టాలి, జాబితా తయారు చేయాలి, జాబితా మీద కోర్టు కేసులు తేలాలి. అందాకా కుర్చీ ఖాళీ. ఆ కమిషన్ 2016లో చేపట్టిన ఎంపిక సంగతి దేశమంతా విన్నదే. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు దాదాపు 25,750 మంది టీచర్లు, సిబ్బంది నియామకాలను కొట్టేసింది. ఆ వార్త వచ్చిన మర్నాడు ఎంతమంది స్టాఫ్ రూముల్లో ఏడ్చారో లెక్క లేదు. ఆ రోజు టైమ్‌టేబుల్ మళ్లీ గీసి, ఎవరి పీరియడ్ ఎవరికివ్వాలో తేల్చిన వాళ్లలో చాలామంది నాలాంటి ఇన్‌ఛార్జిలే.

ఇక్కడ జనం అంతగా గమనించని విషయం ఒకటుంది. ఇన్‌ఛార్జి బాధ్యత సీనియారిటీని బట్టి వస్తుంది. సీనియారిటీ అంటే రిటైర్మెంటుకు దగ్గర పడటమే. అంటే ఈ భారం ఎప్పుడూ రెండేళ్లో, మూడేళ్లో, ఐదేళ్లో సర్వీసు మిగిలిన వాళ్ల నెత్తి మీదికే వస్తుంది. అది వచ్చిందని అర్థమయ్యేసరికి ఒక ఏడాది. ఉత్తరాలు రాసి జవాబు కోసం చూసేసరికి ఇంకో ఏడాది. కోర్టు సంగతి ఆలోచించేసరికి పెన్షన్ కాగితాల వేళ. ఆ కాగితాలు కదిలేది మేనేజింగ్ కమిటీ నుంచి డీఐ ఆఫీసుకు, అక్కడి నుంచి పైకి. ఎవరి మీద కేసు వేయాలో, వాళ్ల సంతకాలే పెన్షన్ ఫైలు మీదా పడాలి. దాంతో చాలామంది నోరు మూసుకుని వెళ్లిపోతారు. తాళాల గుత్తి తర్వాతి సీనియర్ చేతికి వెళుతుంది. గడియారం మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది. ఎవరో కూర్చుని పన్నిన పథకం ఇదని నేను అనను. కానీ పథకం వేసినా ఇంతకంటే చవకగా స్కూలు నడిపే ఏర్పాటు దొరకదు.

చట్టం ఏమంటుందో తెలుసుకోవడానికి హైకోర్టులో ప్రాక్టీసు చేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను, ఆయన కూతురు ఒకప్పుడు నా స్టూడెంటు. ఫీజు తీసుకోలేదు కానీ మొదటి మాటే కటువుగా అన్నారు: “పోస్టు సంగతి మర్చిపోండి, జీతం సంగతి మాట్లాడదాం.” ఈ రెండూ వేర్వేరు హక్కులని అప్పటిదాకా నాకు ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

పోస్టు విషయంలో సుప్రీంకోర్టు మొదటి నుంచీ గట్టిగానే ఉంది. రమాకాంత్ శ్రీపాద్ సినాయ్ అద్వల్‌పాల్కర్ కేసులో 1991లో చెప్పింది, పై పోస్టుకు ప్రమోషన్ పొందడం వేరు, పై పోస్టు పనులు చూడమని చెప్పడం వేరని. హర్యానా ప్రభుత్వానికీ ఎస్.ఎం. శర్మకూ మధ్య 1993లో తేలిన కేసులోనూ అంతే, ‘కరెంట్ డ్యూటీ చార్జి’ అప్పగించినంత మాత్రాన ఆ పోస్టు మీద హక్కు రాదు. ఏడేళ్లు కాదు, పదేళ్లు కూర్చున్నా ఆ కుర్చీ నాది కాదు. ఇది అన్యాయమని నేను అనను. అలా హక్కు వస్తే ఇక ఎంపిక ఎందుకు? నాకంటే చిన్నది, నాకంటే సమర్థురాలు ఎక్కడో పరీక్ష రాసి కాచుకుని ఉంటుంది కదా.

జీతం మాట వచ్చేసరికి కోర్టు గొంతు మారుతుంది. 1983 నాటి పి. గ్రోవర్ కేసు చూడండి. ఆమె హర్యానా విద్యాశాఖ ఉద్యోగి. 1976లో ఆమెను తాత్కాలిక జిల్లా విద్యాధికారిగా వేశారు, కానీ జీతం మాత్రం ఆమె పాత స్కేలులోనే. 1980లో రిటైరయ్యేదాకా అలాగే నడిపారు. తీర్పు వచ్చేనాటికి ఆమె ఉద్యోగంలో లేరు. అయినా ఆ పోస్టు జీతం ఆమెకు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది.

రెండో కేసు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. అండమాన్‌లో సెల్వరాజ్ అనే ప్రైమరీ స్కూలు టీచరు. 1992లో ఆయనను స్కౌట్స్ సెక్రటరీ బాధ్యతలు చూడమన్నారు, 1995 దాకా చూశారు. పై పోస్టు జీతం అడిగితే, నిన్ను ప్రమోట్ చేయలేదు కదా అన్నారు. సుప్రీంకోర్టు 1998లో ఆయన పక్షాన తీర్పిచ్చింది. ప్రమోట్ చేయలేదన్నది నిజమే, కానీ పని చేయించుకున్నారు కదా, చేసిన పనికి తగ్గ ప్రతిఫలం అన్న సూత్రం మీద తేడా ఇవ్వాలంది. దానికి లాటిన్‌లో ‘క్వాంటం మెరూయిట్’ అని పేరట. నవ్వెందుకంటే, 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన ఆ పోర్ట్‌బ్లెయిర్‌కు జనం ఓడ ఎక్కేది మా ఖిదిర్‌పూర్ రేవులోనే. అండమాన్ కూడా కలకత్తా హైకోర్టు పరిధిలోకే వస్తుంది. సముద్రం అవతల ఒక పంతులుగారు పాతికేళ్ల కిందటే తేల్చుకున్న విషయం, ఇవతల ఒడ్డున మా డీఐ ఆఫీసుకు ఇంకా చేరలేదు.

నా కాగితంలో మూడో వాక్యం, అదనపు ప్రయోజనం కోరకూడదన్నది, నన్ను చాలా రోజులు కట్టేసింది. సంతకం పెట్టి తీసుకున్నాను కదా అని. దానికీ ఒక తీర్పుంది. చండీగఢ్‌లో హరి ఓం శర్మ అనే జూనియర్ ఇంజనీర్ దగ్గర ప్రమోషన్ అడగను, పై పోస్టు ప్రయోజనాలు అడగను అని హామీ పత్రం రాయించుకున్నారు. అలాంటి ఒప్పందం చట్టానికే విరుద్ధం, అది చెల్లదని 1998లో సుప్రీంకోర్టు కొట్టిపారేసింది. చేతిలో అధికారం ఉన్నవాడు రాయించుకున్న కాగితాన్ని కోర్టు వేరే కళ్లతో చూస్తుందన్నమాట.

ఇక మా రాష్ట్రం కేసు. అరిందమ్ చటోపాధ్యాయ్ తదితరులు ఐసీడీఎస్‌లో అసిస్టెంట్ సీడీపీవోలు. వాళ్లను సీడీపీవోలుగా వేసి పూర్తి బాధ్యత అప్పగించారు, జీతం మాత్రం పాతదే. 2013లో సుప్రీంకోర్టు వాళ్లకు సీడీపీవో జీతం ఇవ్వాలంది. దాని కారణం దగ్గరే మా లాయరు పెన్సిల్‌తో గీత గీశారు. తమ పాత పనితోపాటు ఇది కూడా చూడమని వాళ్లకు చెప్పలేదు, పూర్తిగా ఆ పోస్టులోనే వేసి పని చేయించుకున్నారు. నా కాగితంలో ఏముంది? ‘స్కూలు బాధ్యతలన్నీ’ అనీ ఉంది, ‘పాఠాలు చెప్పుకోవాలి’ అనీ ఉంది. అవతలి లాయరు పట్టుకునేది ఈ రెండో ముక్కనే. మన దగ్గరున్నది అయిదు రోజుల టైమ్‌టేబుల్, చెక్కుల మీద సంతకాలు, బోర్డుకు పంపిన ఉత్తరాలు. ఇవన్నీ జెరాక్సు తీయించి పెట్టమన్నారు. తీయించాను. మూడు ఫైళ్లయ్యాయి.

ఎంత డబ్బు అని మీరు అడగవచ్చు. హెడ్మిస్ట్రెస్ స్కేలు టీచరు స్కేలుకు పైమెట్టు. నెలకు చూస్తే ఇల్లు మారిపోయే మొత్తం కాదు. కానీ మాకు పెన్షన్ చివరి జీతం మీద లెక్కగడతారు. 1981 నాటి డీసీఆర్‌బీ పథకం వచ్చాకే ఎయిడెడ్ స్కూలు టీచర్లకు ఆ నీడ దొరికింది. చివరి నెల జీతం పత్రంలో ఏ అంకె ఉంటే బతికినంత కాలం అదే నీడ. గ్రాట్యుటీ లెక్కా దాని మీదే. అందుకే రిటైర్మెంటు దగ్గర పడ్డ వాళ్లకు ఇన్‌ఛార్జి జీతం అనేది ఏదో అలవెన్సు గొడవ కాదు. నలభై ఏళ్ల వయసులో ఇన్‌ఛార్జిగా ఉన్నవాడికి పోయేది కొన్ని నెలల తేడా. యాభై తొమ్మిదేళ్ల వయసులో ఉన్నవాడికి పోయేది ముసలితనంలో నెలనెలా వచ్చేది.

రిటైరయ్యాక తీరిగ్గా అడుగుదామన్న ఆలోచన మా ఇంట్లో వాళ్లది. లాయరు ఒప్పుకోలేదు. జీతం తక్కువ ఇవ్వడం నెలనెలా కొత్తగా జరిగే తప్పు కాబట్టి కేసు వేయడానికి గడువు పూర్తిగా మించిపోదు, కానీ పాత బకాయి అంతా రాదు. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం మామూలుగా కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్ల బకాయే ఇస్తారు. అంటే 2018 నుంచి నేను మోసిన దానిలో సగానికి పైగా ఇప్పటికే పోయింది. ఇంక ఒక నెల ఆగితే ఇంకో నెల పోతుంది.

భయపెట్టే మాట ఇంకొకటి స్టాఫ్ రూముల్లో తిరుగుతూ ఉంటుంది. గొడవ పెట్టుకుంటే పాత ఫైళ్లు తీసి, ఎప్పుడో ఎక్కువ ఇచ్చారని చెప్పి గ్రాట్యుటీలో కోస్తారని. దీనికి 2014 డిసెంబరులో రఫీక్ మసీ కేసులో జవాబుంది. పొరపాటున ఎక్కువ జీతం ఇచ్చినా ఏ సందర్భాల్లో తిరిగి వసూలు చేయకూడదో సుప్రీంకోర్టు అందులో చెప్పింది. రిటైరైన వాళ్ల నుంచి, ఏడాదిలోపు రిటైరవబోయే వాళ్ల నుంచి వసూలు చేయకూడదు. పై పోస్టు పని తప్పుగా చేయించుకుని దానికి జీతం ఇచ్చి ఉంటే అదీ వెనక్కి తీసుకోకూడదు. నాకు పై పోస్టు జీతం ఇస్తే కదా వెనక్కి తీసుకోవడానికి అనుకోండి. అయినా ఈ తీర్పు సంగతి చెప్పాక మా స్టాఫ్ రూములో ఇద్దరి ముఖాలు తేటపడ్డాయి.

మా తమ్ముడు బొబ్బిలి దగ్గర హైస్కూల్లో పనిచేస్తాడు. ఫోన్లో ఇదంతా విని, “ఏటప్పా, అరవైయేళ్లొచ్చాక కోర్టుకెళ్తావా? మా దగ్గర ఎఫ్ఏసీ అంటారు, అందరం మోసినోళ్లమే” అన్నాడు. ఎఫ్ఏసీ అంటే పూర్తి అదనపు బాధ్యత. అక్కడ కనీసం దానికో నిబంధన ఉంది, కొన్ని నెలలు అలవెన్సు వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. పని మాత్రం ఆగదు. తెలంగాణలో ఎంఈవో కుర్చీలు ఏళ్ల తరబడి హెడ్మాస్టర్ల అదనపు బాధ్యత మీదే నడిచాయి. అంటే ఇది బెంగాల్ జబ్బు ఒక్కటే కాదు.

కాకపోతే మా తమ్ముడికి నాకంటే రెండేళ్లు ఎక్కువుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో రిటైర్మెంటు వయసు 62 చేశారు. తెలంగాణలో 2021లో 61 అయింది. ఇక్కడ బెంగాల్లో కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులకు 2019లో 65కు పెంచారు, స్కూలు టీచరుకు అరవయ్యే. తొమ్మిదో తరగతి పిల్లకు గుండె గదులు గీసి చూపించడానికి నేను అరవైకే పనికిరాను, కాలేజీలో అదే పాఠం చెప్పే ఆవిడ ఇంకో అయిదేళ్లు పనికొస్తుంది. దీనికి కారణమేమిటో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. ఈ అంకెలు ఎంత తేలిగ్గా మారతాయో మా ఇంట్లో అందరికీ తెలుసు. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం 58ని ఒక్కసారిగా 55కు తగ్గించినప్పుడు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా మేనమామ ఇంటికొచ్చేశాడు. 1984 ఆగస్టులో మళ్లీ 58 చేశారు. మధ్యలో ఇంటికి పంపిన వాళ్ల సంగతి ఏమిటని కోర్టుకు వెళితే, 55కు తగ్గించడం తప్పు కాదని నాగరాజు కేసులో, కానీ మధ్యలో నష్టపోయిన వాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలని ప్రభాకరరావు కేసులో, రెండూ 1985లోనే, సుప్రీంకోర్టు చెప్పింది. మామయ్య మళ్లీ చొక్కా ఇస్త్రీ చేసుకుని ఆఫీసుకు వెళ్లాడు. వయసు ఎంత ఉండాలన్నది ప్రభుత్వం ఇష్టం, ఆ లోపల మనిషితో ఎలా వ్యవహరించాలన్నది మాత్రం దాని ఇష్టం కాదని నేను అప్పుడే నేర్చుకున్నాను. అది ఇప్పుడు గుర్తొస్తోంది.

నాది ఎయిడెడ్ స్కూలు కాబట్టి హైకోర్టు తలుపు తట్టే దారైనా ఉంది. ఖిదిర్‌పూర్ చుట్టుపక్కల మిషనరీ స్కూళ్లున్నాయి, ప్రైవేటు స్కూళ్లున్నాయి. వాటిలో ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌గా ఉన్న వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. మైనారిటీ సంస్థ తన హెడ్మాస్టర్‌ను సీనియారిటీతో పని లేకుండా తానే ఎంచుకోవచ్చని కేరళకు చెందిన ఎన్. అమ్మద్ కేసులో 1998లోనే తేలింది, 2007లో మలంకర కాలేజీ కేసులో మళ్లీ అదే మాట చెప్పారు. ఎయిడ్ లేని ప్రైవేటు స్కూలు ఉద్యోగి సర్వీసు తగాదాకు సాధారణంగా రిట్ పిటిషన్ కుదరదని 2022లో సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో చెప్పారు. ఇలాంటి వాళ్ల కోసం రాష్ట్రాలు ట్రిబ్యునళ్లు పెట్టాలని 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనమే చెప్పింది. చాలా చోట్ల అది కాగితం మీదే ఉండిపోయింది. వాళ్లకు మిగిలేది సివిల్ కోర్టు. అరవయ్యో ఏట సివిల్ దావా వేసి తీర్పు చూడాలంటే ఆయుష్షు గట్టిదై ఉండాలి.

ఇంగ్లండ్‌లో మా మేనకోడలు టీచరుగా చేస్తోంది. అక్కడి ప్రభుత్వ స్కూళ్లలో హెడ్ టీచరు పని వేరొకరికి అప్పగిస్తే, అతనికి అలవెన్సు ఇవ్వాలా వద్దా అన్నది నాలుగు వారాల్లో తేల్చాలని జీతభత్యాల నిబంధనల్లోనే ఉందట. ఇవ్వాల్సిందేనని లేదు, తేల్చాలని ఉంది. నాకు అదే ఎక్కువ నచ్చింది. నా మూడు ఉత్తరాలకు ఎవరైనా ‘ఇవ్వం’ అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ ‘ఇవ్వం’ మీద పోరాడేదాన్ని. జవాబే లేకపోతే దేని మీద పోరాడాలి? కోర్టులో కూడా మొదటి మెట్టు అదేనట, ముందు నా దరఖాస్తు మీద ఏదో ఒక నిర్ణయం చేయమని అధికారికి ఆదేశం తెచ్చుకోవడం. ఏడేళ్ల తర్వాత, ఒక జవాబు కోసం.

కేసు వేయాలనే నిర్ణయించుకున్నాను. పిటిషన్ తయారవుతోంది. అందులో పోస్టు అడగలేదు, 2018 నుంచి హెడ్మిస్ట్రెస్ స్కేలుకూ నా స్కేలుకూ ఉన్న తేడా, దాని మీద చివరి జీతం పత్రం సరిచేయడం, ఇవే అడిగాం. మూడేళ్లకు మించి బకాయి రాకపోవచ్చని తెలిసినా 2018 నుంచే రాయమన్నాను. పని మొదలైంది అప్పుడు కదా. పెన్షన్ కాగితాలు మాత్రం విడిగా ముందే పంపేశాను, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకుని. రెండూ కలిపితే ఒకదాని వంకతో ఇంకోదాన్ని ఆపుతారని లాయరు అన్నారు. కోర్టు ఏం చెబుతుందో చూడాలి. అరిందమ్ కేసులో లాగా చూస్తే నాకు వస్తుంది. ‘పాఠాలు కూడా చెప్పుకోవాలి’ అన్న ముక్క పట్టుకుంటే కష్టం.

నా తర్వాత సీనియారిటీలో ఉన్నది సంస్కృతం చెప్పే టీచరు. ఆమెకు యాభై ఏడు. నెల కిందటే వచ్చి, “దీదీ, మీరు వెళ్లాక తాళాలు నేను తీసుకోను, బీపీ ఉందని డాక్టరు చీటీ పెడతాను” అంది. చీటీ పెడితే ఆమె కింద ఉన్న నలభై తొమ్మిదేళ్ల భూగోళం టీచరు మీద పడుతుంది, ఆ అమ్మాయికి ఇద్దరు చిన్నపిల్లలు. మొత్తం మీద ఎవరో ఒకరు తీసుకోక తప్పదు, మాధ్యమిక్ నమోదు గడువు ఎవరి కోసమూ ఆగదు. అందుకని నేనూ మా లాయరూ కూర్చుని ఆమె కోసం ఒక ఉత్తరం రాసిపెట్టాం. బాధ్యత తీసుకుంటున్నానని, తీసుకున్న రోజు నుంచి ఆ పోస్టు జీతం కోరుతున్నానని, ఆర్డరులో ప్రయోజనాలు కోరకూడదన్న షరతు ఉంటే దాన్ని అంగీకరించడం లేదని. అది తాళాలు తీసుకున్న రోజే ఇవ్వాలి. వారం తర్వాత ఇస్తే వారం పోయినట్టే.

సంస్కృతం టీచరు దాన్ని రెండుసార్లు చదివింది. మూడో వాక్యం దగ్గర ఆగి, “ఇది రాస్తే కమిటీకి కోపం రాదా?” అంది. వస్తుందన్నాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ ఉత్తరాన్ని బెంగాలీలో తన చేత్తో తిరగరాయడానికి ఒక తెల్లకాగితం అడిగింది.